"చూస్కుంటా" అన్న మాటకు సాక్ష్యం: అసైలం కేసుల్లో భయాన్ని నిరూపించడం

"ఊళ్లో అడుగుపెడితే నీ సంగతి చూస్కుంటా." దేవరకొండ వైపు పుట్టినవాళ్లకైనా, మక్తల్ వైపు పుట్టినవాళ్లకైనా ఈ మాటకు అర్థం చెప్పాల్సిన పనిలేదు. అన్నది ఎవరు, ఎంత నెమ్మదిగా అన్నారు, పక్కన నిలబడ్డది ఎవరు అన్నదాన్ని బట్టి అది ఉత్త కోపమో, ప్రాణం మీదికొచ్చే బెదిరింపో విన్న క్షణంలోనే తెలిసిపోతుంది. అదే మాట అమెరికాలో అసైలం (సొంత దేశంలో ప్రాణభయం ఉన్నవారు మరో దేశాన్ని అడిగే ఆశ్రయం) ఆఫీసర్ ముందు దుభాషి నోట ఇంగ్లీషులో బయటికొచ్చేసరికి "నీ విషయం గమనిస్తాను" అన్నంత చప్పగా మిగలొచ్చు. తలకిందుల సంగతి కూడా ఉంది. "చంపేస్తా నిన్ను" అని తల్లి అల్లరి పిల్లాణ్ని రోజుకు నాలుగుసార్లు అంటుంది. కాగితం మీద మొదటి మాటలో భయం కనపడదు, రెండో మాటలో హత్య కనపడుతుంది.

చాలా అసైలం కేసులు ఈ సందులోనే నిలబడతాయి, లేదా పడిపోతాయి. భయపడేవారికి తమ భయం పట్టపగలంత స్పష్టం. వినేవారికి నల్గొండ ఎక్కడుందో కూడా తెలియదు. ఆ మధ్య దూరాన్ని పూడ్చడమే నిరూపించడం. అందుకు చట్టం అడిగే ప్రశ్నలు నాలుగైదే. జవాబులు మాత్రం మన ఊళ్ల బతుకులోంచి, అందులోని చిన్న చిన్న వివరాల్లోంచి రావాలి.

ముందు చట్టం మాట. 1951 జులై 28న జెనీవాలో కుదిరిన శరణార్థుల ఒప్పందం ఐదు కారణాలను గుర్తించింది: జాతి, మతం, జాతీయత, ఒకానొక సామాజిక వర్గంలో సభ్యత్వం, రాజకీయ అభిప్రాయం. వీటిలో ఏదో ఒకదాని వల్ల పీడనకు గురవుతామన్న 'ఆధారం ఉన్న భయం'తో సొంత దేశం బయట ఉండి, ఆ దేశం రక్షణ పొందలేనివారు, లేదా ఆ భయం వల్లే పొందడానికి ఇష్టపడనివారు శరణార్థులు. మొదట్లో ఇది 1951కి ముందటి సంఘటనలకే పరిమితం. 1967 ప్రోటోకాల్ ఆ హద్దును తీసేసింది. అమెరికా 1980 నాటి శరణార్థుల చట్టంతో ఈ నిర్వచనాన్ని తన చట్టంలోకి తెచ్చుకుంది. భారతదేశం ఈ రెండింటిలోనూ చేరలేదు. అందుకే మనవాళ్లకు ఈ నిర్వచనంతో పని పడేది డల్లాస్‌లోనో టొరంటోలోనో లండన్‌లోనో ఉన్నప్పుడే.

నల్గొండవాళ్లకు పారిపోవడం కొత్త కాదు. 1947-48లో రజాకార్ల దాడులకు భయపడి ఎన్నో కుటుంబాలు నిజాం రాజ్యం ఎల్ల దాటి కృష్ణా జిల్లా వైపు వెళ్లి తలదాచుకున్నాయి. వాళ్లను ఎవరూ కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేయలేదు. ఇవతల ఏం జరుగుతోందో అవతలివాళ్లకు తెలుసు, భాష ఒకటే, చుట్టరికాలూ ఉన్నాయి. ఇప్పుడు దూరం పెరిగింది కాబట్టి ఆ తెలిసినతనాన్ని కూడా మూటగట్టి మోసుకెళ్లాల్సి వస్తోంది.

ఈ భయానికి రెండు భాగాలు. ఒకటి మనసులోది: ఆ మనిషి నిజంగానే భయపడుతున్నాడా? రెండోది బయటిది: అతని స్థానంలో మామూలు మనిషి ఎవరున్నా భయపడతారా? మొదటిదాన్ని నమ్మించడం మరీ కష్టం కాదు, పోగొట్టుకోవడం మాత్రం తేలిక. ఇండియా వెళ్తే చంపుతారని రాసిన మనిషి, మధ్యలో చెల్లెలి పెళ్లికి వచ్చి పది రోజులు ఉండిపోయినట్టు పాస్‌పోర్టు మీద ముద్ర ఉంటే దానికి జవాబు చెప్పాలి. జవాబు ఉండొచ్చు కూడా. ఊరి పొలిమేర తొక్కలేదు, హైదరాబాద్‌లో స్నేహితుడి గదిలో ఉన్నాడు, ఫంక్షన్ హాల్‌కు ఒక్క పూట వెళ్లి వచ్చాడు. అయితే ఆ మాట ఆఫీసర్ అడగక ముందే దరఖాస్తులో ఉండాలి. అడిగాక చెబితే అప్పుడే అల్లినట్టు వినిపిస్తుంది.

రెండో భాగం ఎంత బలంగా ఉండాలన్నదాని మీద 1987లో అమెరికా సుప్రీంకోర్టు కార్డోజా-ఫోన్సెకా కేసులో ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. కేసులోని కార్డోజా-ఫోన్సెకా నికరాగ్వా మహిళ. రాజకీయ కార్యకలాపాల వల్ల తన అన్నదమ్ముడిని అక్కడ హింసించారని, తిరిగి వెళ్తే తననూ వదలరని చెప్పుకుంది. అలా జరిగే అవకాశం సగానికి పైగా ఉందని చూపాలన్నది ప్రభుత్వ వాదన. అంత అక్కర్లేదు, పది శాతం అవకాశం ఉన్నా ఆ భయానికి ఆధారం ఉన్నట్టే కావచ్చు అన్నది కోర్టు. పది మంది ఆ ఊరికి తిరిగి వెళ్తే ఒకరు ప్రాణంతో మిగలరంటే, వెళ్లడానికి జంకిన మిగతా తొమ్మిది మందిని పిరికివాళ్లనలేం కదా. 1989లో ఆస్ట్రేలియా హైకోర్టు కూడా దాదాపు ఇదే దారి పట్టింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పది శాతం చాలు అన్నది రేపు జరగబోయే ప్రమాదం గురించి. నిన్న జరిగిందని చెప్పే కథకు అది వర్తించదు, ఆ కథను ఆఫీసర్ నమ్మాలి. అమెరికాలో 2005 నాటి రియల్ ఐడీ చట్టం ఈ మెట్టును మరింత ఎత్తు చేసింది. కథ మూలానికి సంబంధం లేని చిన్న తేడాను పట్టుకుని కూడా మొత్తం మనిషినే నమ్మలేమని తేల్చే వీలు ఇచ్చింది. బ్రిటన్ 2022లో తెచ్చిన చట్టం కూడా, ఆ ఏడాది జూన్ 28 నుంచి వేసిన కేసుల్లో మనిషి నిజంగా భయపడుతున్నాడా అన్న ప్రశ్నకు 'కాదనడం కంటే అవుననడానికే ఎక్కువ అవకాశం' అన్న గట్టి కొలతను పెట్టింది. ప్రమాదాన్ని కొలిచే తక్కెడ తేలికదే, కథను తూచే తక్కెడ బరువైంది.

ఇంకో కఠినమైన నిజం ఉంది. చట్టం ప్రతి బాధనూ పీడన అనదు. పాలమూరు కరువుకు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి ముంబై, పుణెల్లో మట్టి పనికి పోయాయి. ముసలివాళ్లను, పసిపిల్లలను ఇంటి దగ్గర వదిలి పోయిన ఆ బతుకుల్లో భయం లేదని ఎవరనగలరు? మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు తాగిన నీళ్లే ఎముకలను వంచేశాయి. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతటా 'నల్గొండ టెక్నిక్' అన్న పేరు స్థిరపడేంత కష్టం అది. అయినా శరణార్థి చట్టం ముందు ఇవి నిలవవు. ఫలానావాళ్లని ఎంచుకుని, ఫలానా కారణంతో, ఫలానా చెయ్యి చేసిన హాని ఉండాలంటుంది చట్టం. కరువుకు ఆ చెయ్యి లేదు. ఈ గీత న్యాయంగా ఉందా అని అడిగితే లేదనే చెప్పాలి. 1951లో గీసినవాళ్ల కళ్ల ముందు ఉన్నది యూరప్ యుద్ధం, ఎండిన చెరువులు కావు. కేసు వేసేవారు మాత్రం గీత ఎక్కడుందో తెలుసుకునే వేయాలి. అప్పుల బాధ, ఉద్యోగం దొరకని బాధ అసలు కథలో కలిపి రాస్తే ఆఫీసర్ చివరికి పట్టుకునేది ఆ ముక్కనే.

కారణం అన్న మాటను అర్థం చేసుకోవడానికి నల్లమలను మించిన ఉదాహరణ దొరకదు. అచ్చంపేట, అమ్రాబాద్, లింగాల వైపు ఊళ్లలో ఒక తరం రెండు భయాల మధ్య బతికింది. రాత్రి తుపాకులతో వచ్చినవాళ్లు అన్నం అడిగితే పెట్టాలి. పొద్దున పోలీసులు వచ్చి "అన్నలకు అన్నం పెట్టింది నువ్వేనా" అని పట్టుకుపోయేవారు. వాళ్లు వదిలిపెడితే, ఇన్ఫార్మర్‌గా మారినందుకే వదిలారన్న అనుమానం అడవి వైపు నుంచి వచ్చేది. ఆ రైతుకు ఏ రాజకీయమూ లేదు. అతను చేసిందల్లా రెండు ముద్దల అన్నం పెట్టడం.

చట్టం ఇలాంటి చోట బాధితుడి అభిప్రాయంతో ఆగదు, హింసించేవాడు అతనికి ఏ అభిప్రాయం అంటగట్టాడో కూడా చూస్తుంది. అన్నం పెట్టినందుకు నక్సలైటువని కొడితే అది అంటగట్టిన రాజకీయ అభిప్రాయం. కానీ అంటగట్టినట్టు చూపాలి. 1992లో ఎలియాస్-జకారియాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. గ్వాటెమాలాలో ముసుగులు వేసుకున్న గెరిల్లాలు తమతో చేరమని ఒక యువకుడి ఇంటికి వచ్చారు. అతను చేరలేదు, భయపడి దేశం దాటాడు. బలవంతంగా చేర్చుకోవాలని చూసినంత మాత్రాన అది అతని రాజకీయ అభిప్రాయం మీద దాడి అనలేం, హింసించేవాడి ఉద్దేశానికి నేరుగానో పరోక్షంగానో సాక్ష్యం ఉండాలి అంది కోర్టు. హింసించేవాడు తన ఉద్దేశాన్ని ముద్ర వేసి ఇవ్వడు. కొడుతూ ఏమన్నాడు, ఏ పేరు పెట్టి పిలిచాడు, అదే వారం ఊళ్లో ఇంకా ఎవరిని కొట్టాడు, ఎవరిని ముట్టుకోలేదు: ఉద్దేశం బయటపడేది ఈ వివరాల్లోనే. "పోలీసులు కొట్టారు" అన్న ఒక్క వాక్యంలో ఇవేవీ ఉండవు.

భయం ఈనాటిదై ఉండాలన్నది కూడా నల్లమలే చెబుతుంది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో నక్సలైట్ల చర్చలు జరిగాయి, అవి తెగిపోయాయి. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. ఆ రోజుల్లో అక్కడి చిన్న లీడర్ ఎవరైనా ప్రాణభయంతో దేశం దాటి ఉంటే ఆ భయానికి ఆధారం వెతకాల్సిన పనే లేదు. అదే భయాన్ని ఇప్పుడు చెబితే, ఆ అడవిలో ఆ దళాలు ఏవని అడుగుతారు. గతంలో నిజంగా పీడన జరిగిందని రుజువైతే అమెరికా నియమాల ప్రకారం ముందు ముందు కూడా జరగొచ్చన్న ఊహ దరఖాస్తుదారు వైపు ఉంటుంది. పరిస్థితి మారిందని చూపే భారం ప్రభుత్వానిది. ఇరవై ఏళ్ల నాటి సంగతుల్లో ఆ భారం మోయడం ప్రభుత్వానికి పెద్ద కష్టం కాదు.

ఇప్పుడు దక్షిణ తెలంగాణలో ఇంకా ఆరని భయం దగ్గరికి వద్దాం. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. దేవరకొండ దగ్గర ఒక ఊరి అమ్మాయి, పక్క మండలం దళిత కుటుంబంలోని అబ్బాయి. ఇద్దరూ ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లారు, అక్కడే పెళ్లి రిజిస్టర్ చేసుకున్నారు. ఫోటో ఒకటి ఊరికి చేరింది. అమ్మాయి చిన్నాయన ఫోన్ చేసి ఎక్కువ మాట్లాడలేదు, "చూస్కుంటా" అని పెట్టేశాడు. వారం తర్వాత అబ్బాయి తండ్రిని పంచాయితీకి పిలిచారు. కొడుకు ఊరికి రాడని, వస్తే బాధ్యత తనదేనని తెల్లకాగితం మీద రాయించి వేలిముద్ర వేయించుకున్నారు.

ఈ భయానికి బయటి ఆధారం ఉందా? ఉంది. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో పట్టపగలు, ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య పక్కన నడుస్తుండగా దళిత యువకుణ్ని నరికి చంపారు. చేసింది కిరాయి మనుషులు, చేయించింది అమ్మాయి తండ్రి. 2022 మేలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో, నడిరోడ్డు మీద జనం చూస్తుండగా, మతం దాటి పెళ్లి చేసుకున్న యువకుణ్ని భార్య తరఫువాళ్లే చంపారు. ఒకే రకమైన స్థితిలో ఉన్నవాళ్లకు ఏం జరిగిందో చూపడం బయటి ఆధారానికి వెన్నెముక, ఈ రెండు సంఘటనలూ సరిగ్గా అలాంటివే.

అయితే మిర్యాలగూడకు రెండో అంచు కూడా ఉంది. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఆ కేసులో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. పీడించేది ప్రభుత్వం కాకుండా సొంత కుటుంబమైనప్పుడు, అడ్డుకోవడానికి ప్రభుత్వానికి చేతకాదనో మనసు లేదనో చూపాలి. కెనడాలో 1993 నాటి వార్డ్ తీర్పు నుంచి దేశం తన మనుషుల్ని కాపాడుతుందన్న ఊహతోనే మొదలుపెడతారు, కాపాడదని స్పష్టంగా రుజువు చేయాలి. అవతలి వకీలు నల్గొండ తీర్పు కాపీని బల్ల మీద పెట్టి "మీ దేశంలో శిక్ష పడుతోంది కదా" అంటే ఏం చెప్పాలి? అది హత్య జరిగిన ఆరున్నరేళ్ల తర్వాత వచ్చిన తీర్పని చెప్పాలి. శిక్ష వేరు, రక్షణ వేరు. 2018 మార్చి 27న భారత సుప్రీంకోర్టు శక్తి వాహిని కేసులో జిల్లాకో ప్రత్యేక విభాగం ఉండాలని, బెదిరింపులున్న జంటలకు సురక్షిత గృహాలు చూపాలని ఆదేశించింది. మిర్యాలగూడ హత్య జరిగింది ఆ తర్వాత ఆరు నెలలు కూడా నిండకముందే. కాగితం మీది చట్టానికీ ఊళ్లో స్టేషన్‌కూ మధ్య ఉన్న దూరాన్ని ఇలా తేదీలతో చూపితే వినేవారికి అర్థమవుతుంది. "మా పోలీసులు ఏం చేయరు" అంటే అర్థం కాదు.

ఈ జంట ఐదు కారణాల్లో దేని కిందికి వస్తుందన్నది మరో చిక్కు. కులం అన్న మాట ఒప్పందంలో లేదు. ఎక్కువగా 'సామాజిక వర్గం' దారిలోనే వాదించాలి. 1985లో అమెరికా ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు అకోస్టా నిర్ణయంలో దీనికి ఒక గుర్తు చెప్పింది: ఆ వర్గాన్ని కలిపే లక్షణం మార్చుకోలేనిదై ఉండాలి, లేదా మార్చుకోమని ఎవరినీ అడగకూడనంత ముఖ్యమైనదై ఉండాలి. ఆ వర్గాన్ని సమాజం కూడా వేరుగా గుర్తిస్తోందా అన్నది తర్వాత చేర్చారు. కులం దాటి పెళ్లి చేసుకున్నవాళ్లను మన సమాజం వేరుగా గుర్తిస్తుందనడానికి వెలివేతలు, రాయించుకున్న కాగితాలు, చివరికి ప్రభుత్వం ఇచ్చే కులాంతర వివాహ ప్రోత్సాహకం కూడా సాక్ష్యమే. పాలమూరులో దేవుడి పేరుతో జోగినిగా విడిచిన స్త్రీ విషయంలోనూ అంతే. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లోనే చట్టం చేయాల్సి వచ్చిందంటే ఆ వర్గం ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఒక్కటి గుర్తుంచుకోవాలి, కుటుంబ హింస కేసుల మీద అమెరికా వైఖరి స్థిరంగా లేదు. 2018లో ఒక అటార్నీ జనరల్ బిగించినదాన్ని 2021లో మరొకరు సడలించారు. ప్రభుత్వం మారాక 2025లో మళ్లీ బిగించారు.

ఇంతవరకు చట్టం. కేసును ముంచేవి మాత్రం చాలాసార్లు ఇంకా చిన్న విషయాలు.

మన ఊళ్లలో జ్ఞాపకం తేదీల్లో ఉండదు. యాసంగి నాట్లప్పుడు, బతుకమ్మకు ముందు, పీర్ల పండుగ తెల్లారి అని చెప్పుకుంటారు. దరఖాస్తు నింపే తొందరలో దీన్ని ఏదో ఒక తేదీగా మారుస్తారు. పీర్ల పండుగ ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుందని మరిచిపోతారు. 2018లో అది సెప్టెంబరులో వచ్చింది, 2023లో జులైలో వచ్చింది. ఇంటర్వ్యూలో "వానలు పడుతున్నాయి, పత్తి తీస్తున్నారు" లాంటి ఒక్క మాట ఆ తేదీతో పొసగకపోతే అది అబద్ధంగా నమోదవుతుంది. పండుగ పేరును పండుగ పేరుగానే రాసి, ఆ ఏడాది అది ఏ నెలలో పడిందో పక్కన చేర్చడం మేలు. సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు జాతర లాంటివి ఇంకా ఉపయోగం. అది రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి ఏ ఏడాది అన్న సందేహం సగం తీరిపోతుంది.

చుట్టరికాలది ఇంతకంటే పెద్ద చిక్కు. చిన్నాయన కొడుకును, పెదనాయన కొడుకును కూడా మనం "మా అన్న" అనే అంటాం. ఫారంలో తోబుట్టువులు లేరని రాసిన అమ్మాయి ఇంటర్వ్యూలో "మా అన్న వచ్చి ఫోన్ లాక్కున్నాడు" అంటే, ఆఫీసర్ రాసుకునేది ఒక్కటే: అన్న లేడంది, ఇప్పుడు ఉన్నాడంటోంది. ఈ ఒక్క తేడా చాలు, రియల్ ఐడీ చట్టం తలుపు తెరవడానికి. అసైలం ఆఫీసులో ఇంటర్వ్యూకు దుభాషిని చాలావరకు దరఖాస్తుదారే వెంట తీసుకెళ్లాలి. వచ్చేది ఇంగ్లీషు బాగా వచ్చిన ఏ ఊరి తెలుగువాళ్లో అయితే, పాలమూరు మాట వాళ్లకే అర్థం కాకపోవచ్చు. "చూస్కుంటా" అన్నదాన్ని మాటకు మాటగా కాకుండా, ఊళ్లో అది ఏ సందర్భంలో అంటారో ముందే రాతపూర్వకంగా వివరించి పెట్టుకోవాలి.

ఇక కాగితాలు. 2000లో నారాయణపేటలో పుట్టిన మనిషి జనన ధ్రువపత్రం మీద రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, జిల్లా మహబూబ్‌నగర్. ఆధార్ మీద రాష్ట్రం తెలంగాణ, జిల్లా నారాయణపేట. మనిషి ఇల్లు మారలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది, 2016 అక్టోబర్ 11న పాత జిల్లాలు విడిపోయాయి, 2019లో నారాయణపేట మళ్లీ వేరైంది. సూర్యాపేట, భువనగిరి, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వాళ్లందరిదీ ఇదే కథ. మనకిది చెప్పాల్సిన సంగతే కాదు కాబట్టి ఎవరూ చెప్పరు. తెలియని ఆఫీసర్‌కు మాత్రం ఒకే మనిషికి రెండు రాష్ట్రాలు, రెండు జిల్లాలు కనపడతాయి. అర పేజీ వివరణ, ప్రభుత్వ ఉత్తర్వు కాపీ ఉంటే ఈ అనుమానం పుట్టనే పుట్టదు.

పోలీసు కాగితం లేకపోవడం ఇంకా మామూలు. నేరం జరిగిందని తెలిస్తే ఎఫ్ఐఆర్ రాయడం తప్పనిసరని 2013లోనే లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా "పెద్దమనుషుల్లో తేల్చుకోండి" అని తిప్పి పంపడం ఆగలేదు. ఎఫ్ఐఆర్ లేనంత మాత్రాన కేసు పోదు, ఎందుకు లేదో చెప్పకపోతే పోతుంది. ఏ రోజు, ఎవరు వెళ్లారు, ఎంతసేపు కూర్చోబెట్టారు, ఏమన్నారు? ఆ రోజే రిజిస్టర్ పోస్టులో ఎస్పీకి అర్జీ పంపితే దాని రసీదు, వెంట వచ్చిన మనిషి వాంగ్మూలం, ఆ తెల్లకాగితం ఫోటో, ఇవన్నీ సాక్ష్యాలే. వాట్సాప్‌లో వచ్చిన బెదిరింపు వాయిస్ మెసేజ్‌ను వచ్చిన ఫోన్‌లోనే ఉంచాలి. ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి ఇక్కడ డిలీట్ చేస్తే అది ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందన్నది పోతుంది. ఊరి నుంచి తెప్పించే ఉత్తరాల్లో కూడా ఎవరి కళ్లతో చూసింది వారు రాయాలి. సర్పంచ్, టీచర్, పక్కింటివాళ్లు ముగ్గురి ఉత్తరాల్లో ఒకే వాక్యం కనపడితే మూడూ చెల్లవు. శరణార్థులపై ఐక్యరాజ్యసమితి సంస్థ 1979 నుంచి వాడుతున్న హ్యాండ్‌బుక్ నిజం తేల్చే భారం ఇద్దరిదీ అంటుంది. చేతనైనంత ప్రయత్నించినా దొరకని సాక్ష్యం విషయంలో, కథ మొత్తం నమ్మదగ్గదిగా ఉంటే, అనుమానాన్ని మనిషికి అనుకూలంగా తీసుకోవాలని చెబుతుంది. ప్రయత్నించినట్టు చూపడం మాత్రం మన పని.

రెడీమేడ్ కథల గురించి మాట్లాడకుండా ఈ విషయం వదలకూడదు. వీసా లాటరీలో పేరు రాక, గడువు దగ్గరపడి టెన్షన్‌లో ఉన్న పిల్లలకు "అసైలం వేసెయ్, కథ మేం రాస్తాం" అని చెప్పేవాళ్లున్నారు. అది పచ్చి మోసం. ముఖ్యమైన విషయంలో తెలిసి తెలిసి కల్పించిన దరఖాస్తు అని తేలితే, అమెరికా చట్టం ప్రకారం ఇమిగ్రేషన్‌లో ఇక ఏ మేలూ జీవితాంతం దక్కదు. పైగా అదే అచ్చు కథ పది మంది పేర్ల మీద వెళ్తే, పదకొండో మనిషి నిజంగా దెబ్బలు తిని వచ్చినా ఆఫీసర్ కళ్లకు పదకొండోసారి విన్న కథే అవుతుంది. నిజమైన భయం ఉన్నవాళ్లు మాత్రం ఆలస్యం చేయకూడదు. అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. చెల్లుబాటులో ఉన్న స్టూడెంట్ వీసా, లేదా వెళ్లాక మారిన పరిస్థితి ఈ గడువుకు మినహాయింపు కావచ్చు. మన ఉదాహరణలో పెళ్లి, ఫోన్ కాల్, పంచాయితీ అన్నీ వెళ్లాక జరిగినవే. అప్పటికీ అవి జరిగాక సహేతుకమైన కాలంలోనే వేయాలి.

అన్నీ నమ్మించాక ఇండియా కేసుల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: దేశం అంత పెద్దది కదా, ముంబై వెళ్లి బతకొచ్చు కదా? పీడించేది ప్రభుత్వమే అయితే దేశంలో ఎక్కడికి వెళ్లినా అదే ప్రభుత్వం కాబట్టి, అమెరికా నియమాల్లో ఈ ప్రశ్నకు జవాబు దరఖాస్తుదారు వైపు మొగ్గుతుంది. కుటుంబం నుంచి, ఊరి నుంచి వచ్చే ప్రమాదంలో, అదీ ఇంకా చెయ్యి పడకముందు, ఆ బరువు దరఖాస్తుదారు మీదే పడుతుంది. కెనడాలో 1991 నాటి రసరత్నం తీర్పు ఈ ప్రశ్నను రెండుగా విడదీసింది: అక్కడ ప్రమాదం ఉండదా, అక్కడికి వెళ్లి బతకమనడం సబబేనా? 2019లో అమెరికాలోని తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఒక పంజాబీ కేసులో ఇంకో మాట చెప్పింది. దేశం పెద్దదని ఊరికే అంటే చాలదు, ఈ మనిషి ఫలానా చోటికి వెళ్తే ఏమవుతుందో విడిగా తేల్చాలి.

ఆ విడి జవాబు పాలమూరు మనిషి దగ్గర ఉంది, కానీ చెప్పాలని తోచదు. ముంబై ఆఫీసర్‌కు కోట్లమంది మధ్య కనపడకుండా పోయే మహానగరం. పాలమూరుకు అది పొరుగూరు. తరతరాలుగా గుంపు మేస్త్రీలు ఊళ్ల నుంచి జనాన్ని తీసుకెళ్లింది అక్కడికే. పొద్దున్నే ఏ అడ్డా మీద ఏ మండలం వాళ్లు నిలబడతారో ఇంటి దగ్గర కూర్చున్నవాళ్లకు తెలుసు. ఊళ్లో చావు జరిగితే కబురు గంటలో అక్కడికి చేరుతుంది, అక్కడ ఎవరు కొత్తగా కనపడ్డారో కబురు అదే దారిలో వెనక్కి వస్తుంది. హైదరాబాద్ ఎంత సురక్షితమో సరూర్‌నగర్ చెప్పింది. బెంగళూరులో, పుణెలో ఇల్లు అద్దెకు కావాలంటే ఆధార్ కావాలి, దాని మీద ఊరి పేరు, తండ్రి పేరు ఉంటాయి. మతం వేరైన జంట ఇండియాలో ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే ముప్పై రోజుల నోటీసు బోర్డు మీద పెడతారు. శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే ఆ నోటీసు కాపీ అక్కడి ఆఫీసుకు కూడా పంపాలని 1954 నాటి ఆ చట్టమే చెబుతోంది. అంటే ముంబైలో అతికించిన నోటీసు నల్గొండలో కూడా గోడకెక్కుతుంది.

దేవరకొండ అమ్మాయి వాంగ్మూలంలో ఉండాల్సిన పేజీ ఇది. చిన్నాయనకు తెలిసిన మేస్త్రీలు ముంబైలో ఎంతమంది, ఏ ప్రాంతంలో ఉంటారు, ఏ పండుగకు ఎవరు ఊరికి వస్తారు, ఇంతకుముందు ఊరి నుంచి వెళ్లిపోయిన ఏ జంటను ఎన్ని రోజుల్లో, ఎవరి ద్వారా పట్టుకొచ్చారు అన్నది, తెలిసినంత వరకు, పేర్లతో, నెలలతో.